అందించిన అక్షరం

జూన్ 9, సోమవారం

మొన్న గురువారం పొద్దున్న ఎలా గడిచిందో రాసి పెట్టుకోవాలి. రోజూ గడిచినట్టే గడిచింది. అందుకే మరిచిపోతానేమోనని.

ఐదింటికి లేచాను. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాను. ఆ రోజు దేవుణ్ణి ఏమీ అడగలేదు, ఊరికే కూర్చున్నాను. పాలు స్టవ్ మీద పెట్టి, అవి పొంగేలోపల తమ్ముడి చొక్కా ఇస్త్రీ చేశాను. కాలరు దగ్గర దారం లేచింది, కత్తిరించాను. వాడు స్నానాల గదిలో ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు, శ్రుతి అనేది లేకుండా. నలభై ఒకటి వచ్చినా అంతే. బయటికొచ్చి తల తుడుచుకుంటూ అద్దం ముందు నోరు సాగదీసి "పా, బా, మా" అన్నాడు. మాట పోయినవాళ్లకి స్పీచ్ థెరపీ చేస్తాడు కదా, నోరే వాడి పనిముట్టు. దాన్ని మా చెల్లెలి భర్త, మా మరిది, యుద్ధానికి ముందు కత్తి నూరుకోవడం అంటాడు.

రెండు రొట్టె ముక్కలు నిలబడే తిన్నాడు. కూర్చో అన్నాను. కూర్చుంటే ఆలస్యమవుతుందన్నాడు. పదిహేనేళ్లుగా అదే మాట, పదిహేనేళ్లుగా ఆలస్యంగానే వెళుతున్నాడు. బల్ల మీద తన నోటుబుక్కు పెట్టుకున్నాడు. ఒక్కో పేషెంటుకి ఒక్కో నోటుబుక్కు, అట్ట మీద పేరుండదు, లోపల మొదటి పేజీలో "తిరిగొచ్చిన మాటలు" అని ఉంటుంది. దాని పక్కన ఒక లావుపాటి పాత నవల. అట్ట ఊడి, కుట్టు ఉండే వీపు విరిగి ఉంది.

"అక్కా, దీన్ని బాగుచేసి పెట్టు. ఆ లెక్చరరు అమ్మాయిది. జాగ్రత్త, తనకిది ప్రాణం," అన్నాడు.

లైబ్రరీలో ముప్ఫై ఏళ్లుగా చిరిగిన పుస్తకాలు కుట్టేదాన్ని, నాకు జాగ్రత్త చెబుతున్నాడు. నవ్వాను.

బూటు లేసు కట్టుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు: "ఆ అమ్మాయిని పెళ్లి చేసుకుందామనుకుంటున్నానక్కా. మంగళవారం అడిగాను. అవునంది."

రెండో లేసు కూడా కట్టుకుని వెళ్లిపోయాడు. పాలగిన్నె ఇంకా వెచ్చగానే ఉంది.

నాకు సంతోషంగా ఉంది.


జూన్ 10, మంగళవారం

సంతోషంగానే ఉంది. ఇవాళ మూడు పుస్తకాలకు అట్టలు వేశాను. ఒకదానికి తలకిందులుగా వేశాను. ముప్ఫై ఏళ్లలో ఇదే మొదటిసారి.


జూన్ 12, గురువారం

చెల్లీ మరిదీ వచ్చారు. రెండు వీధుల దూరమే కనక ఇవాళే కబురు విని చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చినట్టు వచ్చారు. చెల్లి నన్ను పట్టుకుని ఏడ్చింది. వీడి పెళ్లి సంగతి వదిలేసుకుని ఆరేళ్లయింది మాకు.

మరిది ఊరుకోడు కదా. "బావమరిదిగారూ, మొత్తానికి ఎదురు చెప్పలేని పెళ్లాన్నే చూసుకున్నారు," అన్నాడు. అందరం నవ్వాం. తమ్ముడు కూడా నవ్వాడు. నేను కూడా నవ్వాను.

చెల్లికి ఆ అమ్మాయి సంగతి సరిగా తెలియదు, నేను చెప్పాను. ఇరవై తొమ్మిదేళ్లు. కాలేజీలో సాహిత్యం చెప్పేది. కిందటి అక్టోబరులో క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయింది. మెదడులో నరం చిట్లింది. ప్రాణం దక్కింది, కుడిచెయ్యి సగం దక్కింది. మాట పోయింది. తమ్ముడి దగ్గరికి తెచ్చిన రోజు నీళ్ల గ్లాసు చూపించి ఇదేమిటంటే "గడియారం" అందిట. తప్పని తనకి తెలుసు. తెలిసి, మళ్లీ ప్రయత్నించి, మళ్లీ గడియారమే అందిట. అన్నీ అర్థమవుతాయి, చెప్పడమే రాదు. ఎనిమిది నెలల్లో నాలుగువందల పన్నెండు మాటలు వెనక్కొచ్చాయి. వాడి నోటుబుక్కులో ఉన్నాయి.

ఒక మనిషి తల్లి దగ్గర నేర్చుకున్న మాటలన్నీ పోతే, నా తమ్ముడు ఒక్కొక్కటీ వెతికి తెచ్చి ఇస్తున్నాడు. వాడికి అమ్మ పోయినప్పుడు ఎనిమిదేళ్లు. నేను పెంచిన చేతులేనా ఇవి అనిపిస్తుంది ఒక్కోసారి.


జూన్ 14, శనివారం

ఆ అమ్మాయి వాళ్లమ్మగారు రమ్మంటే తమ్ముడితో వెళ్లాను. మొదట్లో వాళ్లే క్లినిక్కి వచ్చేవారు. ఈ మధ్య వాడే వాళ్లింటికి వెళుతున్నాడు, గంట పనికి రెండు గంటలు ఉంటున్నాడు. ఆటోలు ఎక్కి దిగడం ఆ అమ్మాయికి కష్టమని.

రెండో అంతస్తు, చిన్న ముందుగది. గోడంతా పుస్తకాలు. బల్ల మీద అద్దం, బొమ్మల కార్డుల పెట్టె. అమ్మాయి సన్నగా, నిటారుగా కూర్చుంటుంది. నన్ను చూసి లేచింది. "రం... రండి," అంది. ఆ ఒక్క మాటకి ఆమె మెడ నరాలు బిగిశాయి.

తర్వాత చూసింది నేను ఎప్పటికీ మరిచిపోను. నవల నా దగ్గర ఉంది కాబట్టి తమ్ముడు ఇవాళ్టి పేజీని పెద్ద అక్షరాల్లో రాసి తీసుకొచ్చాడు. బాగా ఇష్టపడి చదివిన పుస్తకమైతే మాట తొందరగా దారి పడుతుందట. ఆమె వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. "ఆ ఇంటికి" అనగలిగింది. తర్వాతి మాట "పదకొండు" దగ్గర ఆగిపోయింది. పెదవులు కదులుతాయి, చప్పుడు రాదు. కళ్లు మాత్రం తమ్ముడి పెదవుల మీదే. వాడు మెల్లగా "ప" అన్నాడు. అంతే, తలుపు గడియ తీసినట్టు, "పదకొండు" అంది. "కి" అన్నాడు. "కిటికీలు," అంది. మొదటి అక్షరం వాడు అందిస్తాడు, మిగతా మాట ఆమె లోపల ఎక్కడో చీకట్లోంచి వస్తుంది. సృష్టి మొదలైనప్పుడు ఇలాగే ఉండి ఉంటుంది అనుకున్నాను. కళ్లు తుడుచుకున్నాను.

ఇంట్లోవాళ్లు మాత్రం అలా అందించకూడదట. వాళ్లమ్మగారికి వాడు మళ్లీ చెప్పాడు: మీరు ఆగండి, అందించడం మా పని, ఎప్పుడు అందించాలో మాకు లెక్క ఉంటుంది. ఇంకోటి కూడా చెప్పాడు. ఈ జబ్బులో అవునూ కాదూ తారుమారవుతాయి. తల ఊపడం కూడా నమ్మడానికి లేదు. ఒక్కసారి అవునంటే పట్టుకుపోవద్దు, అదే ప్రశ్న తిప్పి అడగండి. అన్నం తింటావా అని అడిగితే, అన్నం వద్దా అని కూడా అడగండి. రెంటికీ అవునంటే ఆమె ఇంకా చెప్పలేదన్నట్టే.

ఆవిడ అన్నిటికీ "సరే డాక్టరుగారూ" అంది. మొదట్లో వాడు నేను డాక్టర్ని కాదమ్మా అనేవాడట. ఇప్పుడు అనడం లేదు.

వంటింట్లో ఆవిడ నా చేతులు పట్టుకుంది. "దాని నోట్లో ఉన్న ప్రతి మాటా మీ తమ్ముడు పెట్టిన భిక్షేనమ్మా. ఇంక అది ఎవరిదవుతుంది?" అంది.

ఏం తాగుతావే అని ఆవిడ కూతుర్ని అడిగింది. ఆ అమ్మాయి పెదవులు కదిలాయి. "టీ," అన్నాడు తమ్ముడు. టీ వచ్చింది, తాగింది. ఆమె చూపు మంచినీళ్ల సీసా మీద ఉన్నట్టు అనిపించింది నాకు. ఊరికే అనిపించి ఉంటుంది.

టీ బాగుంది.


జూన్ 15, ఆదివారం

నవల విప్పాను. పాత కుట్టు కోసేసి, ఫారాలు, అంటే పేజీల మడతలు, విడదీసి, బ్రష్షుతో జిగురు గీకాను. ఈ నవల నాకు కంఠతా వచ్చు. అమ్మ పోయిన ఏడాది చెల్లికీ తమ్ముడికీ రోజుకి కొంచెం చదివి వినిపించాను. నాకప్పుడు ఇరవై రెండు. ఇంట్లో ఏడుపు ఆగడానికి నాకు తెలిసిన మార్గం అదొక్కటే.

అందులో ఒక జడ్జిగారు. ఆయన దస్తూరి ఎవరికీ అర్థం కాదు. తీర్పులకు నకళ్లు రాయడానికి, నా అన్నవాళ్లు లేని ఒక అమ్మాయిని ఇంట్లో పెట్టుకుంటాడు. జీతం ఆయనదే, తలదాచుకునే గదీ ఆయనదే. ఆయన చెబుతూ పచార్లు చేస్తాడు, ఆమె రాస్తుంది. రెండేళ్లు అలాగే. ఒక సాయంత్రం ఎవరికో ఉత్తరం చెబుతాడు, పెళ్లి చేసుకొమ్మని అడిగే ఉత్తరం. సగం రాశాక అది తనకేనని ఆ అమ్మాయికి అర్థమవుతుంది. కలం ఆగిపోతుంది. అప్పుడు జడ్జిగారు "ఆపకు. కిందే జవాబు కూడా రాయి. సమ్మతమే అని రాయి," అంటాడు. ఆమె రాస్తుంది. సిరా మీద కన్నీటి చుక్క పడుతుంది.

ఆ పేజీ చదివినప్పుడల్లా చెల్లీ నేనూ ఆనందంతో ఏడ్చేవాళ్లం. తమ్ముడు మళ్లీ చదవమనేవాడు. మళ్లీ చదివేదాన్ని. ప్రేమంటే అదే అని నేనే చెప్పాను వాడికి. ఆ మాట అన్నట్టు నాకు గుర్తుంది.

ఇది ఆ అమ్మాయి సొంత కాపీ. కాలేజీలో పాఠం చెప్పిన కాపీ. వందో పేజీ దాటాక అంచులనిండా పెన్సిలు రాతలు. ప్రాక్టీసులో వాళ్లింకా డెబ్భై రెండో పేజీలో ఉన్నారు కాబట్టి తమ్ముడు ముందుకి తిప్పి చూసి ఉండడు. కథ వాడికి తెలిసిందే కదా. నేను ఫారాలు వరస పెడుతూ చూశాను. కొన్ని చోట్ల జోకులు. జడ్జిగారు ఉపన్యాసం ఇచ్చే చోట, "ఈయన పుస్తకం మొత్తంలో ఎవరినీ ఒక్క ప్రశ్న అడగడు, లెక్కపెట్టాను" అని ఉంది.

రెండువందల పద్నాలుగో పేజీ. సమ్మతమే అన్న మాట కింద రెండు గీతలు. పక్కన:

"ఇది ఎవరి జవాబు? క్లాసులో అడగాలి. అడిగి ఆగాలి. ఎవరూ మాట్లాడకపోయినా ఆగాలి. నేను చెప్పెయ్యకూడదు."

చేతిలో సూది అలాగే ఉండిపోయింది. ముప్ఫై మూడేళ్లుగా ఆ పేజీ నా ఒళ్లోనే ఉంది. కన్నీటి చుక్క చూశాను, ఆ చుక్క కిందున్న మాట ఎవరు చెబితే ఆమె రాసిందో చూడలేదు. ఆ నవల రాసినాయనకి తెలుసు. తెలిసే, ఏమీ అనకుండా అక్కడ పెట్టి వెళ్లిపోయాడు, ఎవరో ఒకరు చూస్తారని. ఒక అమ్మాయి చూసింది. చూసిన కొన్నాళ్లకే ఆమెకి మాట పోయింది.

నాకు భయం వేయలేదు. గుళ్లోకి అడుగుపెట్టినప్పటిలా అయింది. చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ చదివాను.


జూన్ 16, సోమవారం

ఇంట్లోకి ఇంకొకరొస్తే వాడు నాకు దూరమైపోతాడని నేను సాకులు వెతుక్కుంటున్నానా? పొద్దున్న కూర్చుని దేవుణ్ణి అడిగాను. ఆయన కూడా ఆ అమ్మాయిలాగే, జవాబుకి టైము తీసుకుంటాడు.


జూన్ 17, మంగళవారం

పుస్తకం కుట్టడం అయింది. వీపుకి కొత్త గుడ్డ వేశాను. తమ్ముడికి ఇవ్వలేదు, జిగురు ఆరాలన్నాను. ఆరింది.


జూన్ 18, బుధవారం

ఇవాళ అడిగాను. సాయంత్రం వాడు కాళ్లు కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాక.

ఆ మంగళవారం ఎలా అడిగావురా అన్నాను. వాడు సిగ్గుపడుతూ చెప్పాడు. ప్రాక్టీసు అయిపోయాక, వాళ్లమ్మగారు వంటింట్లో ఉన్నప్పుడు అడిగాడట, నన్ను పెళ్లి చేసుకుంటావా అని. ఆమె వాడినే చూస్తూ ఉండిపోయిందట. పెదవులు కదిలాయట. రాలేదు. మళ్లీ కదిలాయట. నుదుటి మీద చెమట పట్టిందట. ఆమె అంత కష్టపడటం చూడలేకపోయాడట.

"చూడలేక?" అన్నాను.

"అందించానక్కా. 'అ' అన్నాను. అంతే. మిగతాది తనే అంది."

అన్న తర్వాత వాడి మొహంలో ఏదో మారింది. నా మొహంలో చూసి ఉంటాడు.

"తిప్పి అడిగావా?" అన్నాను.

"పెళ్లి గురించి ఎవరైనా తిప్పి అడుగుతారా? నేనంటే నీకిష్టం లేదు కదా అనా?"

"అన్నం గురించైతే అడగాలని వాళ్లమ్మగారికి చెప్పావు."

వాడు కుర్చీ వెనక్కి నెట్టాడు. వాడు గొంతు పెంచడు ఎప్పుడూ, ఇవాళ ఇంకా తగ్గించాడు. నువ్వు ఆమె కళ్లు చూడలేదక్కా అన్నాడు. ఎనిమిది నెలలు నేను చూశాను, నాకు తెలియదా అన్నాడు. నేను వెళ్లకపోతే ఆ రోజు కిటికీ దగ్గరే కూర్చుని ఎదురుచూస్తుంది అన్నాడు. అది నిజమే. నీళ్లు తెచ్చేవాడి కోసం దాహమైనవాళ్లు కూడా అలాగే కూర్చుంటారు. నేను ఆ మాట అనలేదు, లోపలే ఉంచుకున్నాను.

తర్వాత అన్నాడు: "ఈ ఇంట్లోకి ఇంకొకరు రావడం నీకిష్టం లేదేమో."

సోమవారమే నన్ను నేను ఆ మాట అనుకున్నాను కాబట్టి మొదటి దెబ్బంత నొప్పి లేదు.

లేచి పుస్తకం తెచ్చి, ఆ పేజీ తెరిచి, వాడి ముందు పెట్టాను.

చదువుతాడనుకున్నాను. వాడు చదవలేదు, చూశాడు. చాలాసేపు ఆ పెన్సిలు రాతని చూశాడు. వేలితో ముట్టుకోబోయి ముట్టుకోలేదు.

"ఇది తన రాతేనా?" అన్నాడు. ఆ తర్వాత, "ఎంత వేగంగా రాసేదో చూడక్కా. అక్షరం పూర్తికాకుండానే రెండోదానికి వెళ్లిపోయింది," అన్నాడు.

ఎనిమిది నెలలు పట్టింది వాడికి, ఎడమచేత్తో ఆమె చేత రెండక్షరాలు రాయించడానికి. ఇంత వేగంగా పోయే మనిషి ఆమె అని వాడు ఎరగడు. వాడికి దొరికింది ఆగిపోయిన మనిషి. పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. ఒక చోట జోకు చదివి నవ్వాడు. ఒక చోట ఆమె రచయితని తిట్టింది, అక్కడ ఆగిపోయాడు. "ఈమెని నేనెప్పుడూ కలవలేదు," అన్నాడు.

నేను లోపలికి వచ్చేశాను.


జూన్ 19, గురువారం

పొద్దున్న తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. కాలరు కాల్చుకున్నాడు. అదే వేసుకుని వెళ్లాడు.


జూన్ 20, శుక్రవారం

నిన్నా ఇవాళా వాళ్లింటికి వెళ్లలేదట. ఒంట్లో బాగాలేదని చెప్పాడట. ఆవిడ మూడుసార్లు ఫోన్ చేసిందట. ఇదంతా వాడు గుమ్మంలో నిలబడి, గోడకి చెప్పినట్టు చెప్పాడు.

తర్వాత నన్ను చూసి అన్నాడు: "ఆదివారం నువ్వు రా అక్కా. నువ్వే అడుగు. నేను అందించలేనంత దూరంలో కూర్చుంటాను."

తనని కాదనే మాట తనే వినడానికి నన్ను పిలుస్తున్నాడు. అవుననే మాట వినడానికి కూడా కావచ్చు. ఏదైనా వినడానికి తయారుగా ఉన్నాడు. వాణ్ణి పెంచింది నేనే కావచ్చు గానీ, ఇది నేను నేర్పింది కాదు.


జూన్ 22, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదింటికి వెళ్లాం. బాగుచేసిన పుస్తకం ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. వీపు తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి నవ్వింది. వాళ్లమ్మగారు మంచి చీర కట్టుకుని ఉంది, ముహూర్తాల మాటకి వచ్చామనుకుని. తమ్ముడు ఆవిడకి ముందే చెప్పేశాడు. నేను తప్పు చేశానమ్మా, మీ అమ్మాయిని అడిగి జవాబు నేనే అందించాను, ఇవాళ మా అక్క మళ్లీ అడుగుతుంది అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు. మీరు అందించకపోతే అది ఎలా చెబుతుంది డాక్టరుగారూ అంది. నేను డాక్టర్ని కాదమ్మా అన్నాడు.

ఆ అమ్మాయి వింటోంది. అన్నీ అర్థమవుతాయి కదా.

తమ్ముడు ఆమె వెనక, గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా ఉంటే తన పెదవులు చూస్తుందని. నేను ఎదురుగా కూర్చున్నాను.

మా తమ్ముణ్ణి చేసుకోవడం నీకిష్టమేనా అమ్మా అని అడిగాను.

"అవును," అంది. ఈసారి అందించకుండానే వచ్చింది. వాళ్లమ్మగారు ఊపిరి వదిలింది. చూశారా అన్నట్టు నన్ను చూసింది.

తిప్పి అడగడానికి నాకు నోరు రాలేదు. తమ్ముడి బతుకు నా నోట్లో ఉన్నట్టనిపించింది. అయినా అడిగాను. ఇష్టం లేదా అమ్మా, అని.

"అవును," అంది.

అలా అనగానే ఆమెకే తెలిసిపోయింది, రెంటికీ ఒకే మాట అన్నానని. మొహం ఎర్రబడింది. తల అటూ ఇటూ ఊపింది, అది దేనికో తనకీ తెలియదు, మాకూ తెలియదు. వెనక్కి తిరిగి తమ్ముడి పెదవులు వెతుక్కుంది. వాడు రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాడు. కళ్లు కూడా దించేసుకున్నాడు, వాటితోనైనా అందిస్తానేమోనని.

వాళ్లమ్మగారు "అవును అనమ్మా, అవ..." అంటూ ఏదో మొదలుపెట్టింది. నేను ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశాను. ఆగింది.

అందరం ఆగాం. నాకు చేతనైన పని అదొక్కటే, పొద్దున్న పొద్దున్న చేసే పని. వీధిలో స్కూటరు ఒకటి స్టార్టవక స్టార్టవక స్టార్టయి వెళ్లిపోయింది. పైఇంట్లో కుర్చీ జరిపారు. ఆమె ఎడమచెయ్యి పుస్తకం మీద తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఎంతసేపో నాకు తెలియదు. ఒక దశలో నాకు ఆమె మీద జాలి పోయింది. ఆమె ఏదో పెద్ద బరువు ఒక్కతే ఎత్తుతుంటే చూస్తున్నాను, చేయి వేస్తే అవమానం అనిపించింది.

"తె," అంది. ఎవరూ అందించని "తె".

"తె... తెలీ..."

చెమట గడ్డం దాకా వచ్చింది. తుడుచుకోలేదు.

"తెలీదు."

అని, తన మాట తనే విన్నట్టు కళ్లు పెద్దవి చేసింది. మళ్లీ అంది, ఈసారి స్పష్టంగా. "తెలీదు. నాకు... తెలీదు." మూడోసారి అన్నప్పుడు నవ్వింది. ఏడుపు కూడా వచ్చింది, రెండూ కలిసి. ఆమె నవ్వితే పంతులమ్మలా ఉంటుందని అప్పుడు చూశాను.

తమ్ముడు లేచాడు. ఆ మాట నాలుగువందల పన్నెండింటిలో లేదు. వాడు నేర్పింది కాదు, అడిగింది కాదు, కార్డుల్లో బొమ్మ ఉన్నది కాదు. వాడి మొహం ఎలా వెలిగిందో నేను చెప్పలేను. తన పెళ్లి మాట ఏమైందో వాడికి ఆ క్షణంలో గుర్తు లేదు. ప్రమాణంగా చెబుతున్నాను. పరుగున వచ్చి జేబులోంచి నోటుబుక్కు తీశాడు, పెన్సిలు తీశాడు, కొత్త మాట రాసుకోవడానికి. పెన్సిలు కాగితానికి ఆనించాక ఆగిపోయాడు.

ఆమె ఎడమచెయ్యి చాపింది.

వాడు నోటుబుక్కూ పెన్సిలూ ఇచ్చేశాడు. ఆమె ఒళ్లో పెట్టుకుని, వంకర టింకరగా, "తె" వరకు రాసింది. అక్కడికి అలిసిపోయి మూసేసింది. తిరిగి ఇవ్వలేదు. వాడు అడగలేదు.

నేను దేవుణ్ణి ఇంత దగ్గరగా చూసిన రోజు లేదు.

వాళ్లమ్మగారు మెట్ల దాకా వచ్చింది. నా మీద కోపంగా ఉంది, న్యాయమే. "నిక్షేపంలాంటి సంబంధం అడిగి అడిగి చెడగొట్టుకున్నారు. మధ్యలో ఈయన మానేస్తే దాని మాట ఇక్కడికే ఆగిపోతుంది, అప్పుడో?" అంది. తెలియదమ్మా అన్నాను.

సాయంత్రం చెల్లీ మరిదీ వచ్చారు. నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. మరిది ఇవాళ ఒక్క జోకూ వేయలేదు. ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని తమ్ముడితో అన్నాడు. పర్లేదు బావా, నేనూ నవ్వాను కదా అన్నాడు వీడు.

నిర్ణయించుకున్నవి ఇవి.

రేపటి నుంచి ఆ అమ్మాయికి థెరపీ తమ్ముడు చేయడు. వాడికి పని నేర్పిన పెద్ద మేడమ్ ఉంది, ఆవిడ చూస్తుంది. బల్ల దగ్గరే ఫోన్ చేశాడు. టైము కుదరడం లేదని చెప్పు, పరువు దక్కుతుంది అంది చెల్లి. వాడు ఒప్పుకోలేదు. నోరు విప్పి మొత్తం చెప్పాడు, 'అ' అందించిన సంగతితో సహా. తర్వాత మేడమ్, అమ్మాయి మాట ఆగిపోదు, కొన్నాళ్లు నెమ్మదిస్తుంది, నేను చూసుకుంటాను అంది. పేషెంటుని పెళ్లికి అడగడం లైసెన్సులిచ్చే పైవాళ్లకి రాయాల్సిన విషయం, రాస్తాను అని కూడా అంది. దాంతో వాడి లైసెన్సుకి ఏమవుతుందో ఎవరికీ తెలియదు. రాయండి మేడమ్ అన్నాడు.

వాడు ఆ ఇంటికి వెళ్లడు. ఫోన్ చేయడు. మేడమ్ ద్వారా కబుర్లు అడగడు. నేను కూడా మధ్యవర్తిని కాను, వాళ్లమ్మగారు ఫోన్ చేసినా ఆరోగ్యం వరకే మాట్లాడతాను.

పెళ్లి మాట మన ఇంట్లోంచి మళ్లీ వెళ్లకూడదు. ఎన్నాళ్లు అని చెల్లి అడిగింది. తనకి చెప్పాలనిపించే దాకా అన్నాడు తమ్ముడు. అనిపించకపోతే అంది చెల్లి. వాడు లేచి అందరి ప్లేట్లూ తీసి సింకులో వేసి, కడగడం మొదలుపెట్టాడు. ఆమెకి ఎప్పటికీ అనిపించకపోవచ్చు, అందుకు కూడా అందరం ఒప్పుకున్నాం.